కొలత తీసుకున్న పటం

పట్నం మ్యూజియం నుంచి వచ్చిన పెద్దమనిషి మా పటాన్ని టేపుతో కొలవడం చూసినప్పుడే నాకు అనుమానం పుట్టింది. కొలిచేది దేనికి? ఎత్తుకుపోవడానికి పెట్టె చేయించుకోవడానికి కాకపోతే!

మా బాపు నేతవాళ్ల ఊళ్లు తిరిగి పటం కథ చెప్పేవాడు. పొడుగాటి బట్ట మీద వాళ్ల కులపురాణమంతా బొమ్మలుగా ఉండేది. బాపు కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడితేనే మా పొయ్యి వెలిగేది. పటం పాతబడితే, బొమ్మలు వేసే పెద్దాయన దాన్ని ఎదురుగా పెట్టుకుని కొత్తది వేసేవాడు. తర్వాత పాతదానికి పూజ చేసి ధర్మపురి దగ్గర గోదావరిలో కలిపేవాళ్లం. ఆ ఏడు కొత్త పటం వచ్చింది గానీ పాతది ఇంకా చుట్టచుట్టి మా ఇంటి దూలానికి వేలాడుతూనే ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మ్యూజియం వాళ్లు జిల్లాల్లో ప్రసంగాలు పెట్టేవారు. కరీంనగర్ గ్రంథాలయంలో పటాల మీద ప్రసంగం ఉందని, పాత పటం పట్టుకుని రమ్మని బాపుకు కబురొచ్చింది. నేను వెంట వెళ్లాను. అప్పటికే బడిపంతులుగా చేస్తున్నాను, నాలుగక్షరాలు వచ్చినవాణ్ని. లోకమంతా దొంగలేనని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మ్యూజియం ఆయన మా పటాన్ని టేపుతో కొలిచి, గంటసేపు మెచ్చుకున్నాడు. అంత మెచ్చుకోలు ఊరికే రాదు. అనుకున్నట్టే, ప్రసంగం కాగానే బాపు చేతులు పట్టుకున్నాడు.

"ఒక్క నెల ఇవ్వండి పెద్దాయనా. ప్రతి బొమ్మకూ నకలు తీయించి పటాన్ని నేనే తెచ్చి ఇస్తాను. ఆ తర్వాత గోదావరిలో కలుపుకోండి."

బాపు మెత్తబడ్డాడు. "నెలనే గద బిడ్డా. ఇద్దామా?"

"పోతే మళ్ల రాదు బాపూ. అద్దాల పెట్టెల వెట్టి తాళమేస్తరు. గాయన కొలతలు తీసుడు సూడలేదా?"

బాపు నా మాట కాదనలేదు. వారం తిరక్కుండానే ధర్మపురికి పోయి పటాన్ని గోదావరిలో కలిపేశాం. దొంగ నోట మన్ను కొట్టానని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి. మూడోదానిలో కొత్త పటాన్ని చెదలు తినేశాయి. బొమ్మలు వేసే పెద్దాయన అప్పటికే పోయాడు. ఆయన కొడుకు దగ్గరికి పరుగెత్తితే, "పాతది ఎదురుంగ ఉంటె ఏస్త గని, ఏం జూసి ఎయ్యాలె?" అన్నాడు. బాపు కథ మానేసి ఇంట్లో కూలబడ్డాడు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, మ్యూజియం ఆయన మళ్లీ వచ్చాడు. ఇంకేం మిగిలిందని వచ్చాడోనని గుమ్మంలోనే నిలబెట్టాను. ఆయన సంచిలోంచి తెల్లబట్ట తీశాడు. ఆనాడు తీసుకున్న కొలతకు సరిగ్గా కత్తిరించిన బట్ట.

"ఈసారి ప్రసంగం మీది," అన్నాడు బాపుతో. "మీరు బొమ్మల వరస చెప్పండి, నేను రాసుకుంటాను. అది చూసి ఆ బొమ్మలాయన కొడుకు వేస్తాడు."

అదే గ్రంథాలయంలో తెల్లబట్ట కట్టారు. జనం బాగానే వచ్చారు. బాపు కర్ర పట్టుకుని ఉత్త బట్ట మీద బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. మొదటి నాలుగు వరసలు సాఫీగా సాగాయి. అయిదో వరసలో కర్ర ఆగిపోయింది.

"గీడ దేవతలు కూసుంటరు. ఎవల పక్కకు ఎవలు? పాట నోటికున్నది గని బొమ్మ కండ్లకు వస్తలేదు. సారూ, మీ బుక్కుల ఉన్నదా?"

ఆయన కాగితాలు తిప్పి తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజు కొలతలకే వీలయింది. బొమ్మల సంగతి ఆ నెల రోజుల్లో రాసుకుందామనుకున్నాను."

బాపు నావైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నువ్వు జెప్పు బిడ్డా. సదువుకున్నోనివి. ఆ దినం ముందటనే కూసున్నవు గద."

అవును, ముందువైపే కూర్చున్నాను. ప్రసంగం జరిగినంతసేపూ మ్యూజియం ఆయన చేతుల్నే కనిపెట్టుకుని ఉన్నాను. పటం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.