ఎడమ కన్ను గడిలో నేను రాసింది

పద్నాలుగేళ్లుగా ఒక కాగితం నా గుండెల మీద బరువై కూర్చుంది. అది ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, చెదలు తిన్నాయో తెలియదు. అందులోని అబద్ధం మాత్రం నాది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎడపల్లి దగ్గరి ఒక ఊళ్లో, చిన్న బడిలో టీచర్‌గా పనిచేసేదాన్ని. ఏటా పిల్లల కళ్లు పరీక్షించి ఫారం నింపాలి. దానికో అక్షరాల చార్ట్ ఇచ్చారు. పైన ఒక్కటే పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. మా క్లాసు గోడలు బోసిగా ఉండేవి. ఆ చార్ట్‌నే మేకు కొట్టి తగిలించి, రోజూ పొద్దున పాఠంలా చదివించాను. పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లు. ఎంత మురిసిపోయానో. పరీక్ష రోజున కూడా అందరినీ నిలబెట్టి ఒకేసారి చదివించి, అందరికీ చూపు బాగుందని ఆరు బై ఆరు వేసేదాన్ని.

ఆ ఏడాది శిక్షణలో కంటి డాక్టర్ ఒకాయన చెప్పాడు. కొందరు పిల్లల్లో ఒక కన్ను మందగిస్తుందని, రెండోదే పనంతా చేసుకుపోతుంది కాబట్టి వాళ్లకూ తెలియదని, అద్దాలు పెట్టి మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తే మందగించిన కన్ను పని నేర్చుకుంటుందని, అది చిన్నతనంలోనే బాగా కుదురుతుందని. భయమేసింది. మొదటిసారి ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను.

ఆ పిల్లను కవిత అందాం. ఏడేళ్లు, రెండో తరగతి. అమ్మానాన్నలు చెరుకు కొట్టే కూలీలు. కుడి కన్ను మూసుకుని గడగడా అంతా చదివేసింది. ఎందుకో కర్రతో కింది వరుసలో ఒక అక్షరం చూపించాను. పలకలేదు. మధ్య వరుసలో చూపించాను. పలకలేదు.

"పైనుంచి సదువుత టీచర్, గట్లయితే వస్తది," అంది.

ఎడమ కన్ను మూయిస్తే కర్ర పెట్టిన ప్రతి అక్షరమూ చెప్పింది. ఎడమ కంటికి మాత్రం పైనున్న ఒక్క అక్షరమే కనబడుతోంది. మిగతాదంతా నేను కంఠతా పట్టించింది.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను, అదీ అబద్ధమే. ఉన్నది రాస్తే, పోయిన ఏడాది ఆరు బై ఆరు ఎట్లా వేశావని అడుగుతారు. మెమో ఇస్తారు. అందుకని మళ్లీ అదే వేశాను. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. వేసవిలోనే చందూర్ వైపు బదిలీ అయింది. వాళ్లమ్మ బడికి కూతవేటు దూరంలో చెరుకు కొడుతుండేది. ఒక్క కబురు పెడితే సరిపోయేది. ఎందుకు పెట్టలేదు? ఒక పిల్ల కన్ను కంటే నాకు మెమో ఎక్కువైందా? అయింది.

మొన్న నిజామాబాద్ బస్టాండులో ఎవరో "టీచర్" అంటూ వచ్చి కాళ్లకు దండం పెట్టారు. కవిత. పోలీసు ఉద్యోగానికి పరుగు, రాత పరీక్ష గట్టెక్కి, కంటి పరీక్షలో పోయిందట.

"సిన్నప్పుడే సూపిస్తే బాగైతుండె అన్నరు టీచర్. గిప్పుడు కష్టమట. అప్పట్ల మన బడిల కండ్లు సూడలేదా?"

"అప్పుడు గవన్ని ఏడున్నయ్ బిడ్డా," అన్నాను.

"మా అవ్వతోని నేను గదే అన్న. మా టీచర్ సూస్తే సెప్పకుంట ఉంటదా అని."

ఆ చార్ట్ ఆమెకు అక్షరాల పాఠంగానే గుర్తుంది. నేను తలూపాను. బోధన్ బస్సు ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లింది. ఎన్నిసార్లు నొక్కబోయి ఆగానో. చెబితే కన్ను తిరిగి వస్తుందా? చెప్పకపోతే ఆ దండం ఎట్లా మోయను? క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. మిమ్మల్నీ అడగడం లేదు. ఆ రోజు రాయాల్సింది ఎక్కడో ఒకచోట రాయకపోతే ఊపిరాడేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కవిత, రెండో తరగతి. కుడి కన్ను ఆరు బై ఆరు. ఎడమ కన్ను, పై అక్షరం ఒక్కటే. చూసింది నేనే.