సున్నం దగ్గర ఆగిన బండి

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, మార్చి నెల మొదట్లో, నన్ను భద్రాచలం నుంచి ఖమ్మం కోటకు బదిలీ చేశారు. అప్పటికి నేను పర్యాటక శాఖలో గ్రేడ్-వన్ గైడును. మా ఉద్యోగంలో అంతకు మించిన మెట్టు లేదు. కాబట్టి ప్రమోషన్ అని ఊరించడం మా పైవాళ్లకు కుదరలేదు. "కొత్త బండి ఇస్తున్నాం, వెళ్లండమ్మా" అన్నారు.

అది పాతకాలపు కారు కాదు, పాతకాలపు కారులా కనబడే కారు. అడుగున మామూలు జీపు, పైన ఫైబర్‌తో చేసిన తొడుగు, ఇత్తడి రంగు దీపాలు, రబ్బరు బుగ్గ నొక్కితే పాంపాం అనే హారన్. వెనక మడిచి ఉన్న గుడ్డ టాపు కూడా చూపుకే. ఒకరోజు ఎండకు తాళలేక విప్పబోతే, మడతల మీదే కుట్టేసి ఉంది. అద్దాలు లేవు, తలుపులు మోకాలెత్తు. ఫోటోలకు మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. ఊళ్లోని పాత కట్టడాలు చూపించి, చివరికి కోట దర్వాజాకు వెళ్లే ఏటవాలు దారి ఎక్కి, పైన ఆపేవాళ్లం.

డ్రైవర్ యాకూబ్ భాయ్ ఖమ్మం వాడే. మాటల్లో పులిని కూడా చెవి పట్టుకుని తెచ్చేవాడు. తేనెటీగ పేరెత్తితే మాత్రం నోరు మూతపడేది. చిన్నప్పుడు ఒంటినిండా కుట్టించుకుని దవాఖానాలో పడి ఉన్నాడట.

గైడు పనిలో చేరిన కొత్తలో నేర్పే మొదటి సంగతి, పర్యాటకులకు వీపు చూపకూడదని. వాళ్ల ముఖాలు చూస్తూ, చెబుతూ, వెనక్కి నడవాలి. దారి చూసుకునే వీలుండదు కనుక, ఏ మాట దగ్గర ఏ మలుపు వస్తుందో కాళ్లకు అలవాటు చేసుకుంటాం. మేము చెప్పే పాఠాన్ని కామెంటరీ అంటారు. కోట దిగేటప్పుడు దర్వాజా వైపు తిరిగి, వెనక్కి దిగుతూ నేను చివరి భాగం చెప్పేదాన్ని. నడవలేని పెద్దవాళ్లుంటే యాకూబ్ భాయ్ వాళ్లను బండిలోనే కూర్చోబెట్టుకుని, పైన బండి తిప్పే చోటు లేదు కనుక రివర్సులోనే, నా నడకకు తగ్గట్టు మెల్లగా నా ముందు దింపుకొచ్చేవాడు.

ఆ ఎండాకాలం దర్వాజా కమాను కింద మూడు పెద్ద తేనెపట్లు వెలిశాయి. కొండ తేనెటీగలవి. భద్రాచలం అడవి దారుల్లో ఏళ్లపాటు తిరిగినదాన్ని కనుక, వాటి సంగతి నాకు తెలుసు. ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావన్నీ లేస్తాయి. పరిగెత్తేవాణ్ని వెంటాడతాయి. పట్లు దించేవాళ్లు వచ్చేదాకా మేము బండిని కొంచెం దూరంగా ఆపి, ఇంజిన్ కట్టేసి, హారన్ ముట్టకుండా నెట్టుకొస్తున్నాం.

ఆ రోజు అశ్వారావుపేట నుంచి ఒక పామాయిల్ రైతు తన తల్లిని తీసుకుని వచ్చాడు. ఆమెకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకునేది. అందుకే ఈ బండి మాట్లాడుకున్నానని కొడుకు చెప్పాడు. పైన బండి ఆగగానే అతను ఫోటో కోసం దిగి దర్వాజా దాకా వెళ్లాడు. అక్కడ నిలబడి, "గోల్కొండల చప్పట్లు కొడితే పైదాకా వినపడుద్ది గద మేడం, ఈడ గూడ వినపడుద్దా?" అని అడిగాడు. నేను చెయ్యెత్తి వద్దనేలోపే గట్టిగా కొట్టాడు.

చప్పట్లకే లేచాయో, అతను పూసుకున్న అత్తరుకు లేచాయో, నాకు ఈరోజుకీ తెలియదు. కమాను కింద నల్లటి పొర ఒకటి ఊడిపడినట్టయింది. అతను కేక వేసి, మమ్మల్ని దాటుకుని, కిందనున్న టికెట్ గదివైపు పరుగు తీశాడు. కొన్ని ఈగలు అతని వెంట పోయాయి. మిగతావి మా మీదికి వచ్చాయి.

డిక్కీలో బండి కవరు ఉండేది, మందపాటి గుడ్డది. అది లాక్కుని వెనక సీట్లోకి దూకి, ముసలమ్మ మీద, నా మీద, ముందున్న యాకూబ్ భాయ్ మీద కప్పాను. అంచులు తొడల కింద దోపుకోమన్నాను. లోపల చీకటి, పెట్రోలు వాసన, వేడి. పైన గుడ్డకు ఈగలు తగులుతుంటే వడగళ్లు పడుతున్నట్టుంది. నా చేతికి రెండు కుట్లు పడ్డాయని అప్పుడు తెలిసింది.

కదలకుండా కూర్చుంటే అరగంటకో గంటకో సద్దుమణుగుతాయని నాకు తెలుసు. అదే చెప్పబోయాను. ఇంతలో ముసలమ్మ ఊపిరి పిల్లికూతలా వినపడటం మొదలైంది.

"నా పంపు... మా వాడి జేబుల ఉంది బిడ్డా," అంది.

ఆయాసానికి పీల్చే మందు అది. కొడుకుతోపాటు కిందికి పోయింది. ఆ వేడిలో, ఆ గుడ్డ కింద, ఆమె గంట ఆగలేదు. కవరు తీస్తే ఈగలు ఆగవు. యాకూబ్ భాయ్‌ని ఇంజిన్ వేయొద్దన్నాను. ఆ అదురుకు, పొగకు ఇంకా రేగుతాయి. బ్రేకు వదిలితే బండి వాలు మీద తనంతట తానే వెనక్కి దిగుతుంది. కానీ సగం దారిలో మలుపు ఉంది. మలుపు తప్పితే ఎండిపోయిన కందకం, రెండు నిలువుల లోతు.

"కండ్లు కనవడకుండ ఎట్ల దింపాలె మేడం? నాతోని కాదు. చేతులు ఆడ్తలేవు," అన్నాడు యాకూబ్ భాయ్. ఏడుస్తున్నాడు.

రోజూ నేను ఆ దారిని చూడకుండానే దిగుతున్నాను కదా అన్నాను. ముఖం దర్వాజా వైపు, వీపు పల్లం వైపు. ఇప్పుడూ అలాగే కూర్చున్నాను. నా నడక నీకు తెలుసు, నేను చెబుతుంటాను, ఆ నడకకు తగ్గట్టే బ్రేకు వదులు అన్నాను. నా గొంతు వణకడం అతనికీ వినపడే ఉంటుంది. అయినా హ్యాండ్‌బ్రేకు కిర్రుమంది.

కామెంటరీ మొదలుపెట్టాను. "మీరు చూస్తున్న ఈ దర్వాజా గుండా ఒకప్పుడు ఏనుగులు పోయేవి..." బండి కదిలింది. రోజూ చెప్పే వేగం దాటకుండా చెప్పడం నా బతుకులో అంత కష్టంగా ఎప్పుడూ లేదు. భయం మాటల్ని తోసేస్తోంది. ముసలమ్మ నా వేళ్లు పట్టుకుంది. ఆమె పట్టు బిగిస్తే ఊపిరి ఆడుతోందని, వదిలితే ఆడటం లేదని లెక్క పెట్టుకున్నాను.

"ఈ గోడలో రాయికీ రాయికీ మధ్య సున్నం..." అంటుండగా యాకూబ్ భాయ్ అరిచాడు. ఒక ఈగ లోపలికి దూరి మెడ మీద కుట్టింది. బండి కుదుపుతో ఆగింది. నేనూ ఆగిపోయాను. ముసలమ్మ పట్టు సడలుతోంది.

"ఏడిదాక వచ్చినం మేడం?" అని గొణిగాడు.

"సున్నం దగ్గరికి," అన్నాను.

అన్నాక అర్థమైంది. మాట ఎక్కడ ఆగిందో బండీ అక్కడే ఆగింది. దారి తప్పలేదు. "సున్నం లేదు," అని అక్కడి నుంచే అందుకున్నాను. "బరువు మీదనే నిలబడింది. ఇక్కడి నుంచి కందకం మొదలవుతుంది." కందకం అన్న మాట దగ్గర నా కాలు రోజూ ఎడమకు తిరుగుతుంది. "ఎడమకు, పూర్తిగా," అన్నాను. ఇంజిన్ లేని స్టీరింగ్ బండరాయిలా ఉంటుంది. యాకూబ్ భాయ్ మూలుగుతూ తిప్పాడు. కుడి చక్రం కింద గులకరాళ్లు జారి ఎక్కడో కింద పడిన చప్పుడు విన్నాం. బండి మాత్రం తిరిగింది.

గుడ్డ మీద ఈగల చప్పుడు తగ్గేదాకా, ఆ తర్వాత నేల చదునయ్యేదాకా నేను కామెంటరీ ఆపలేదు. టికెట్ గది తలుపు తెరుచుకున్న శబ్దం విని కవరు తీశాను. కొడుకు ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బిపోయింది. పంపు తీసి తల్లి నోటికి పెట్టాడు. ఒకసారి, రెండోసారి. మూడోసారికి ఆమె ఛాతీ లేచింది. నేను బండి పక్కన నేల మీద చతికిలబడి గట్టిగా ఏడ్చాను.

సాయంత్రం దవాఖానాకు చూడటానికి వెళితే తల్లీకొడుకులిద్దరూ పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ఆమె నన్ను చూసి, "కందకం అన్నవ్, ఆడ ఆపినవ్. తర్వాత ఏమైంది బిడ్డా?" అని అడిగింది. నేను ఆపలేదు, ఆమెకే వినపడలేదు. కూర్చుని మిగిలింది చెప్పాను.

ఆ సంఘటన నాకు నేర్పింది ఒక్కటే. భయం లేకుండా పని చేయడం నాకు చేతకాదు, కానీ భయం ఉన్నప్పుడు కూడా రోజూ చేసే పని చేయడం చేతనవుతుంది. తర్వాత కామెంటరీ పొడవు తగ్గించమని పైవాళ్లు రెండుసార్లు అడిగారు. రాజుల పేర్లు తీసేశాను, యుద్ధాలు తీసేశాను. సున్నం మాట మాత్రం తీయలేదు.

నా రిటైర్మెంట్ సభలో శాలువా కప్పాక అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తి కప్పు వైపు చూశాను. ఎవరైనా గమనించారేమోనని తల దించితే, ముందు వరుసలో యాకూబ్ భాయ్ కూడా పైకే చూస్తున్నాడు.