కొత్త కత్తి కొలత

నరసరావుపేటలోని నోటుపుస్తకాల ప్రెస్సులో కటింగ్ మిషన్ నడిపేది నాగమల్లేశ్వరి. మిషనుకు కొత్త కత్తి ఎంచింది కూడా ఆమే. చవకరకం వద్దు, గట్టి ఉక్కుదే కావాలని యజమాని త్రికోటేశ్వరరావుతో పోట్లాడి మరీ పొద్దున ఆర్డర్ పెట్టించింది. పాతదాని పొడవు, వెడల్పు, మందం తనే టేపు పట్టి రెండుసార్లు కొలిచింది. అయినా మధ్యాహ్నం అన్నం ముందు కుదురుగా కూర్చోలేకపోయింది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఏందమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. విప్పి బల్లమీద పెట్టిన పాత కత్తి మీద అరచెయ్యి అడ్డంగా ఆనించింది. పదకొండేళ్ల కిందట, పనిలో చేరిన రోజున, దాని వెడల్పులో అయిదు వేళ్లూ పట్టాయి. ఇప్పుడు చిటికెనవేలు బయటే ఉండిపోయింది.

"బాబాయ్, ఫోన్ చెయ్! ఆర్డర్ ఆపమను! ఆ కొలతకు కొత్తదొస్తే నాలుగు సానలకే కట్టలో అట్టడుగు కాగితం దాకా దిగదు."

"నువ్వేగా కొలిచింది?"

"కొలిచా. ఇన్నేళ్లు సాన పట్టీ పట్టీ మిగిలిందాన్ని కొలిచా బాబాయ్. అరిగిపోయిందాన్ని కొలవలా."