హైమత్త రాసిన రీబూట్

మా హైమత్తకు కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. నేర్పుతామని వస్తే పోట్లాటకు దిగేది. వాషర్‌మెన్‌పేట్ చీరల కొట్లో ఇరవయ్యేళ్ళు ఆర్డర్ల పుస్తకం రాసి, తొండియార్‌పేటలో వరదరాజులుగారి ఇంటర్నెట్ ఆఫీసుకు వచ్చి, తొమ్మిదొందల ఇళ్ళ లైన్లు చూసే సీటు పట్టింది. ఆ సీటంటే ఆవిడకు ప్రాణం. పక్క బల్ల నాది కాబట్టి నాకు తెలుసు.

ఈమధ్య కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ఒక పెట్టె ఉంది. ఇంటి లైను నంబరు కొట్టి మీట నొక్కితే లైను బతికుందో లేదో చెబుతుంది. అత్త అంతటితో ఊరుకుంటుందా? కొట్లో పేరు రాస్తే పక్కన చుక్క, దానికింద కామా పెట్టి, చేయాల్సిన పని రాయందే ఆవిడ చెయ్యి ఆగేది కాదు. ఇక్కడా అంతే. ఆ ఇంటికి ఫోన్ చేయాలంటే ‘కాల్’ అనీ, మోడెం ఆపి మళ్ళీ వేయమని చెప్పాలంటే ‘రీబూట్’ అనీ ఇంగ్లీషులో కొట్టేది.

ఆ వారం మూడుసార్లు పేటంతా నెట్ పోయింది. మూడుసార్లూ సీట్లో ఉన్నది అత్తే.

"సోమవారం నుంచి నువ్వు బిల్లుల కౌంటర్లో కూర్చో హైమా. ఈడ వేరేవాళ్ళను పెడతా," అన్నారు వరదరాజులుగారు.

నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం కళ్ళు తుడుచుకుని, పెట్టెలో తను కొట్టినవన్నీ వెనక్కి తిప్పి చూసింది. రీబూట్ అని రాసిన ప్రతిసారీ నెట్ పోయింది.

శనివారం సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి అనిరుధ్ అనే గుంటూరు ఇంజనీరు వచ్చాడు.

"మా దాంట్లో లోపమేం లేదండీ. మేడంగారే ఏదో నొక్కి ఉంటారు."

"నొక్కింది నేనే అబ్బయ్యా. ఏం నొక్కినానో చూడు."

నంబరు, చుక్క, దానికింద కామా, రీబూట్. పేటకంతా నెట్ ఇచ్చే సర్వర్ ఠపీమని పడుకుంది. వీధంతా "నెట్ పోచ్చు" అని అరవంలో కేకలు. అత్త పకపకా నవ్వింది. నేను బల్ల పట్టుకుని నవ్వాను. అనిరుధ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పెట్టెలో ఏం రాసినా సర్వర్ అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటోందండీ. ఏ దొంగవెధవో చూసుంటే మొత్తం తుడిచేసేవాడు. పైవాళ్ళకు రిపోర్టు రాయాలి. మీ పేరు చెప్పండమ్మా."

"హైమ."

"హోదా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అత్తను అడిగినవాళ్ళు లేరు. ఆవిడ పక్కనే నిల్చున్న యజమాని వరదరాజులుగారి వైపు తిరిగింది.

"కౌంటర్ అని రాసేదా మొదలాళీ?"

ఆయన మెడ గోక్కున్నారు.

"ఊరుకో హైమా. నెట్‌వర్క్ ఇన్‌ఛార్జ్ అని రాయండి సార్."

"ఆ ముక్క కొంచెం పెద్దక్షరాల్లో రాయి అబ్బయ్యా," అంటూ అత్త నవ్వుతూనే ఏడ్చేసింది.