ఊదా మూత గొట్టం

మొన్న మంగళవారం మా అత్తను చంపేశాను. కాగితం మీదే లెండి! తొందరపడి ఓదార్చకండి, ఆమె ఇప్పుడు వరండాలో అలసందకాయలు వలుస్తూ నన్ను తిడుతోంది.

ప్రొద్దుటూరులో ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్ని. మిగతా టైములో పత్రికలకు వ్యాసాలు. "ఇంట్లో ఆడవాళ్ళ ఆరోగ్యం ఎవరికి పట్టింది?" అని రాసీ రాసీ, మా అత్తకే ఇంతవరకూ ఒక్క రక్తపరీక్ష చేయించలేదని గుర్తొచ్చి సిగ్గేసింది. మామకైతే ఆర్నెల్లకోసారి!

పొద్దున్నే ఇంట్లోనే సూది పట్టుకున్నాను. రక్తకణాలు లెక్కపెట్టే ఊదా మూత గొట్టం నిండింది. లవణాలు, ఎంజైములు చూసే ఎర్ర మూత గొట్టం దగ్గరికొచ్చేసరికి నరం మొండికేసింది. సగం కూడా రాలేదు.

"ఇంక చాలు మే, కోళ్ళకు గింజలెయ్యాల!" అని ఆమె లేచిపోయింది.

నేనేం చేశాను? ఊదా గొట్టంలోంచి కాస్త ఎర్ర గొట్టంలోకి వంచేశాను. రెండూ ఆమె రక్తమే కదా! కొత్తగా చేరినవాళ్ళకు "ఈ పని మాత్రం చేయకండి" అని చెప్పేది నేనే. పైగా ఫారంలో రిపోర్టు పంపాల్సిన ఫోన్ నంబరు దగ్గర, అలవాటు కొద్దీ, మా ఆయన నంబరు వేశాను. గొప్ప స్త్రీవాదిని!

గొట్టాలు ల్యాబ్‌లో ఇచ్చేసి, వేరే ఇళ్ళలో రక్తం తీయడానికి బయల్దేరాను. పదకొండుకు ఆయన ఫోన్.

"మే, యాడుండావు? అమ్మ రిపోర్టు వచ్చింది. అంతా ఎర్ర గుర్తులే! డాక్టరుకు చదివి వినిపిస్తే, ఈ పొటాషియంతో మనిషి బతకడమే కష్టమంటాండాడు. కడపకు కారు మాట్లాడినా!"

ఆటోలో పరిగెత్తాను. ఇంట్లో ఏం చూశానంటారు? బట్టల అంగడి మూసేసి వచ్చిన మా ఆయన వాళ్ళమ్మ కాళ్ళు పిసుకుతున్నాడు. తిన్న కంచం ఏనాడూ ఎత్తని మామ, తానే కాఫీ కలిపి చల్లారుస్తున్నాడు!

"నిదానంగా తాగు. శానా వేడిగా ఉంది," అంటున్నాడు. అత్త మహారాణిలా దిండుకు ఆనుకుని ఉంది. బయట కారు హారన్.

ఫోన్ లాక్కుని చూశాను. పొటాషియం ఆకాశంలో ఉంది. క్యాల్షియం దాదాపు లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పనే మానేసింది. పొద్దున నేను వంచిన గొట్టం గుర్తొచ్చింది. ఊదా గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఒక పొటాషియం ఉప్పు ఉంటుంది. అది క్యాల్షియాన్ని కట్టిపడేస్తుంది. అంతటితో ఆగదు, ఆ ఎంజైము గుప్పిట్లో ఉండే జింకునూ మెగ్నీషియాన్నీ లాగేసుకుంటుంది. ఆ లోహాలు పోతే ఎంజైము పిడి ఊడిన కొడవలే. ఉంటుంది, కోయదు.

నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి గిల్లి చెవిలో అంది: "నాకేం కాలేదని నాకు తెల్దా? కాఫీ తాగేదాకా చెప్పాకు!"

ఏం చేయను, కారు ఎదురుచూస్తోంది. ఊదా గొట్టం సంగతి చెప్పేశాను.

మా ఆయన చేతులు అమ్మ కాళ్ళమీంచి మెల్లగా లేచాయి. మామ గ్లాసు కింద పెట్టి, "ఆకలైతాంది. అన్నం అయ్యిందా?" అన్నాడు.

మళ్ళీ రక్తం తీశాను. ఈసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి, జింకుతో సహా ఎంజైము డ్యూటీలో ఉంది. ఆ కాగితం అత్తకు చదివి వినిపించి, మెచ్చుకుంటుందేమోనని నిలబడ్డాను.

"ఏమ్మే, ఇరవై ఏండ్లుగా రాస్తాండావు. మీ మామ ఒక్కనాడన్నా కాఫీ కలిపినాడా?" అంది. "ఆ రాసేది పక్కన పెట్టి, ఊదా మూత గొట్టం ఇంకోటి తేపో!"