ఎడమచేతి రాత

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఎడమచేత్తో నాలుగేళ్ళ పిల్లల్లా రాయడం నాకు బాగా వచ్చు. అలా రాశానని తరువాత అందరికీ తెలిసిపోయింది. ఆ పని నాకు నచ్చేదని మాత్రం డైరీలో కూడా రాసుకోలేదు.

కొవ్వూరులో ఓ చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్‌కేజీ చెప్పేదాన్ని. మధ్యాహ్నం పిల్లలు చాపల మీద నిద్రపోయేవారు. ఆయా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. నేను ఇరవై రెండు నోటుపుస్తకాలు ముందేసుకుని పేజీ నిండా ఎమ్ అక్షరాలు రాసేదాన్ని. ఒకరివి గీత మీంచి జారేవి, ఒకరివి పొట్టిగా ఒకదాన్నొకటి తోసుకునేవి. అక్కడక్కడ కావాలని తప్పు రాసి రబ్బరుతో చెరిపేదాన్ని, నమ్మకంగా ఉండాలి కదా అని. పక్క క్లాసు టీచర్లు పిల్లల చెయ్యి పట్టుకుని రాయించేవారు. నా పద్ధతిలో పని తొందరగా అయ్యేది, ఎవరూ ఏడ్చేవారు కాదు.

"పుస్తకం ఖాళీగా ఇంటికెళ్ళిందంటే పిల్ల మన బళ్ళో ఉండదమ్మా" అనేవారు బడి నడిపే మేడమ్.

అసలు పాఠం పొద్దున జరిగేది, పుస్తకం లేకుండా. పెదాలు మూసి, ముక్కు పక్కన వేలు పెట్టుకుని మ్మ్ అనమనేదాన్ని. వేలికి జివ్వుమని తగులుతుంది. "ముక్కులో తుమ్మెదుంది టీచర్" అన్నాడొకడు. ఆ శబ్దంతో మొదలయ్యే మాటలు చెప్పమంటే మామిడికాయ, మమ్మీ, మిల్క్, మోటారు, మా మేనత్త, అన్నీ వచ్చేవి. ఒకడు బెల్లం అన్నాడు. "అది చివర్న ఉందిరా, ముందు లేదు" అని వాణ్ణి ఇంకో పిల్ల దబాయించింది. పెద్దవాళ్ళ ముందు మాట పెగలని నాకు వాళ్ళ మధ్య గొంతు బాగానే వచ్చేది.

ఆ క్లాసులో ఒక పాప మాత్రం బళ్ళో అడుగుపెట్టాక ఒక్క మాట మాట్లాడేది కాదు. నేను బలవంతపెట్టలేదు. మ్మ్ పాఠం చెప్పిన రోజు తను ముక్కు మీద వేలు పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, గంట కొట్టేదాకా ఆపలేదు. నోరు తెరవక్కర్లేని శబ్దం అదొక్కటే దొరికింది పాపం.

ఒక రోజు వాళ్ళ నాన్న బండి ఆపి, పుస్తకం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. చేపల చెరువు మీద పని ఆయనకి.

"టీచర్ గారండి, ఇక్కడ ముత్యాల్లా రాస్తంది. ఇంటికాడ పెన్సిలే పట్టుకోదండి. రాత్రి రెండు తగిలించానండి, అప్పటికీ రాయలేదు. మొండిదండి" అని నవ్వాడు.

పాప మోచేతి పైన ఎర్రగా ఉంది. నేను రాసిన అక్షరాలు తను రాయలేక తిన్న దెబ్బలవి. తల ఊపి లోపలికొచ్చేశాను. ఆ మధ్యాహ్నం మాత్రం పుస్తకాల కట్ట విప్పలేదు. మర్నాడూ విప్పలేదు.

పేరెంట్స్ మీటింగ్‌కి ముందురోజు మేడమ్ పుస్తకాలు తిరగేశారు.

"ఏంటమ్మా ఇవి? రెండు వారాలుగా ఏం చేస్తన్నావు?"

"వాళ్ళకి రాయడం రాదండి. ఇన్నాళ్ళూ నేనే రాశాను."

"నాకు తెలీదా? కూర్చుని నింపు."

"రాయనండి."

ఆ ఒక్క మాట అనడానికి పొద్దున డైరీలో దాన్నే నాలుగుసార్లు రాసుకుని వెళ్ళాను. పుస్తకాలు తెల్లగానే ఉన్నాయి. నిండిన పుస్తకం ఎవరి కోసమో నాకు తెలిసిపోయింది. పిల్లల కోసం మాత్రం కాదు.

మీటింగ్‌లో ఆ పాప నాన్న పేజీలు తిప్పి తిప్పి చూశాడు. "ఇక్కడిదాకా ఉన్నాయి, తరవాత లేవేంటండి?"

"ముందువి కూడా పాప రాసినవి కాదండి. నేను రాశాను."

చుట్టూ ఉన్న తల్లులు తమ పిల్లల పుస్తకాలు తిరగేశారు. మేడమ్ కుర్చీలోంచి లేచారు.

"మరి దీనికేం వచ్చండి?" అన్నాడాయన.

నేను చెప్పేలోపే పాప వాళ్ళ నాన్న వేలు పట్టుకుని తన ముక్కు పక్కన ఆనించుకుంది. మ్మ్ అంది. ఇంకోసారి అంది. ఆయనకి అర్థమైందో లేదో చెప్పలేను. వేలు మాత్రం చాలాసేపు తియ్యలేదు.

"రాయడం సంగతేంటండి మరి?"

"వేళ్ళు గట్టిపడ్డాక రాస్తుందండి. అప్పటిదాకా కొట్టకండి."

నా జీవితంలో ఒక మగమనిషి ముఖం చూసి ఇలా చెయ్యొద్దని చెప్పడం అదే మొదలు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఆయ్" అని, పుస్తకం చంకలో పెట్టుకుని, పాపని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నెలాఖరు దాకానే రమ్మని సోమవారం మేడమ్ చెప్పారు. మానెయ్యకుండా అన్ని రోజులూ వెళ్ళాను. అరచెయ్యి నోటి ముందు పెట్టించి ప్ చెప్పాను, గాలి తగిలితే పిల్లలు నవ్వారు. ఒక్క పేజీ కూడా నింపలేదు. పని పోయినందుకు ఏడవలేదు. ఆ పాప తిన్న రెండు దెబ్బలకి తప్ప దేనికీ సంజాయిషీ చెప్పను.

చివరిరోజు సంతకం పెట్టడానికి ఆఫీసు గదిలోకి వెళ్తే మేడమ్ తలెత్తలేదు. నేను గుమ్మం దాటుతుంటే మెల్లిగా అన్నారు.

"నోట్లో నాలుక లేని పిల్లవనే తీసుకున్నానమ్మా నిన్ను."