టెస్టెడ్ ఓకే అని రాసిన లైను

2007 జూన్‌లో నన్ను జూనియర్ టెలికం ఆఫీసరుగా దుమ్ముగూడెం వైపు, గోదావరి ఒడ్డునున్న ఒక చిన్న ఎక్స్‌ఛేంజీకి వేశారు. రెండు గదులు, ఒక జనరేటరు, రెండు వందల లోపు ఫోన్లు. నా పై అధికారి సబ్ డివిజనల్ ఇంజనీరు భద్రాచలంలో ఉండేవారు. నా కింద ఉన్నది లైన్‌మన్ సోయం ముత్తయ్య ఒక్కరే. ఆ అడవి దారుల్లో మా స్తంభాలు చాలావరకు ఆయన పాతినవే.

అప్పట్లో అక్కడ ఇంటర్నెట్ అంటే మాట్లాడే ఫోను తీగకే మోడెమ్ తగిలించుకోవడం. నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే మేము ఎక్స్‌ఛేంజీ దాటి వెళ్ళేవాళ్ళం కాదు. టెస్ట్ ఫోను ఆ లైనుకు కలిపి, టోన్ ఉందా, మాట వినబడుతుందా అని చూసేవాళ్ళం. రెండూ ఉంటే రిజిస్టరులో 'టెస్టెడ్ ఓకే' అని రాసి ఫిర్యాదు మూసేసేవాళ్ళం. నెట్ సంగతి రాయడానికి ఆ రిజిస్టరులో గడే లేదు.

ఆగస్టులో, ఎనిమిది కిలోమీటర్ల అవతలి బాలికల ఆశ్రమ పాఠశాల నుంచి హెడ్మిస్ట్రెస్ సరోజన టీచరు మూడుసార్లు ఫిర్యాదు చేశారు. మూడుసార్లూ నేను ఓకే రాశాను. నాలుగోసారి ఆమె మధ్యాహ్నం బస్సుకు స్వయంగా వచ్చారు.

"మాట మంచిగనే వినబడుతుంది మేడం. నెట్టే నాలుగు నిమిషాలుండి తెగుతుంది. ఫారం సగం నింపంగనే మాయమైతుంది. తొమ్మిది మంది పిల్లలవి నర్సింగ్ ట్రైనింగ్ దరఖాస్తులు. రేపు ఐదింటికి ఆఖరు."

పల్లెటూరి లైన్లు ఇంతేనని చెప్పి పంపించబోయాను. గుమ్మం దగ్గర నిలబడ్డ ముత్తయ్య అడ్డొచ్చారు.

"కల్వర్టు కాడ తీగలు అతికిన జాయింటు మేడం అది. నేను కట్టిందే. నీళ్ళు పోకుండ మూసే కిట్లు రాకపోతే ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టిన. వాన పడితే లోపలికి నీళ్ళు పోతయ్."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఓకే రాసిన్రు కదా మేడం. ఇగ నేనేం చెప్త?"

ఆయన మోటారుసైకిలు మీద వెళ్ళి చూశాను. కవరు విప్పితే రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మాటకు ఆ తీగ సరిపోతుంది. మోడెమ్‌కు మాత్రం చిలుము వల్ల లైనులో వచ్చే సన్నని గరగర చాలు, తెగిపోవడానికి. భద్రాచలానికి ఫోను చేస్తే, జాయింటు కిట్టు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

తీగ బాగయ్యేదాకా ఆగితే గడువు దాటిపోతుంది. ఎక్స్‌ఛేంజీ లోపలే కూర్చుని దరఖాస్తులు పంపితే ఆ తీగతో పనే లేదు. కానీ ఎక్స్‌ఛేంజీ యంత్రాలుండే స్విచ్ గదిలోకి బయటివాళ్ళను రానివ్వకూడదు. ఇంజనీరును అడిగితే, "నేను వినలేదనుకో" అన్నారు. లాగ్‌బుక్కులో ఆ అనుమతి నా పేరు మీదే రాసి, టీచరును రమ్మన్నాను.

మర్నాడు పదింటికి ఆమె ఆటోలో బడి కంప్యూటరు తెచ్చారు. మానిటరుకు దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. ముత్తయ్య టెస్ట్ లైనుకు మోడెమ్ కలిపారు. లైను ఒక్కసారి కూడా తెగలేదు. కానీ ఆఖరు రోజు కావడంతో అవతలి సర్వరు మీద రద్దీ ఎక్కువైంది. ఒక్కో ఫోటో ఎక్కడానికే పావుగంట పట్టింది. టీచరు సర్టిఫికెట్లు చదువుతుంటే నేను టైపు చేశాను. ముగ్గురం అన్నం తినలేదు. ఐదింటికి ఏడు దరఖాస్తులు వెళ్ళాయి. ఎనిమిదోది ఫోటో దగ్గర ఉండగా పేజీ మూతపడింది.

మిగిలిన రెండు కట్టలూ సంచిలో పెట్టుకుంటూ ఆమె అన్నారు: "మొదటిసారి చెప్పినప్పుడే వచ్చి చూసుంటే తొమ్మిదీ అయిపోయేటివి మేడం."

నేను మానిటరుకు మళ్ళీ దుప్పటి చుట్టి ఆటో దాకా మోశాను.

ఏడుగురిలో ఐదుగురికి సీటు వచ్చింది. మిగిలిపోయిన ఇద్దరిలో ఒకమ్మాయి మరుసటేడు దరఖాస్తు చేసింది. రెండో అమ్మాయి మిరప కోతలకు పోయి మళ్ళీ చదువుకు రాలేదని టీచరు తర్వాత ఫోనులో చెప్పారు. జాయింటును ముత్తయ్య మూడో రోజున మార్చారు.

తర్వాత పదకొండేళ్ళు సర్వీసు చేశాను. లైను బాగుందని తేల్చే ముందు, వాడేవాళ్ళు ఆ లైను మీద ఏ పని చేస్తున్నారో అదే పని వాళ్ళింట్లో కూర్చుని చేసి చూడాలని ఆ ఫిర్యాదుతో నేర్చుకున్నాను. ఎక్స్‌ఛేంజీలో చేసే పరీక్ష ఎక్స్‌ఛేంజీ బాగుందని మాత్రమే చెబుతుంది.